కాలువ కట్టిన వేసవి

మత్తు డాక్టరు నా ఛాతీ మీద గొట్టం ఆనించి
చాలాసేపు విన్నాడు,
తలుపవతల ఎవరో ఉన్నారా లేరా అన్నట్టు.
"ఇప్పుడు కాదు" అన్నాడు.
"ఆరు వారాలు పోనీండి."

అప్పటికే గేదెను అమ్మేశాం.
బుల్లెమ్మ చాప, ఫ్లాస్కు, ఉసిరి పచ్చడి సీసా
సర్దుకుని వచ్చింది.
అన్నీ తిరిగి రావులపాలెం బస్సెక్కాయి,
నా పొట్టలోని బుడిపెతో సహా.

ముప్పై నాలుగేళ్లు లొల్ల లాకుల్లో లస్కరుని.
తలుపులెత్తే చక్రం తిప్పీ తిప్పీ
పొట్ట గోడ పలచబడిందట.
ఎండ్రకాయ బొరియలోంచి గట్టు ఊటెక్కినట్టు
బొడ్డు పక్కన పేగు తల బయటపెట్టింది.

"కొయ్యడం ఎంతసేపు, వెంకటంగారూ?
కుట్టు నిలవాలిగా!
ఒక్క లంకచుట్ట దగ్గు చాలు, అంతా ఊడొస్తుంది."
ఆ మాట తగిలింది నాకు.
నడివానలో గండ్లు పూడ్చినవాణ్ణి.
నానిన మట్టి నానిన మట్టిని పట్టుకోదని
నాకు ఇంకొకరు చెప్పాలా?

ఆ వారమే పైన నీళ్లు కట్టేశారు.
కాలువ అడుగు బయటపడింది:
ఒంటి చెప్పులు, సైకిలు రిమ్ము,
తాళ్లలా ఎండిన గుర్రపుడెక్క,
ఎవరిదో స్టీలు గిన్నె, పేరు చెక్కి ఉంది, చదవలేకపోయాను.

వ్యాయామాలు చెప్పే పిల్ల పేరు కెజియా, పాలకొల్లు.
ప్లాస్టిక్ పెట్టె ఒకటి చేతికిచ్చింది,
మూడు ఖానాలు, ఖానాకొక బంతి.
ఊదాను.
"ఊదకండి తాతగారూ, పీల్చండి."
పీల్చాను.
మొదటి బంతి లేచినట్టే లేచి కూలబడింది.
మిగతా రెండూ కదిలితే ఒట్టు.
"మా లాకుకీ మూడు ఖానాలేనమ్మా" అన్నాను.
దేనికన్నానో తెలియక నవ్వింది.

పొద్దున్నే గట్టు మీద నడక.
ముందు తూము దాకా. తరవాత రేవు దాకా.
తరవాత ఇటికల బట్టీ దాకా.
చేతులానించకుండా కుర్చీలోంచి ఇరవై సార్లు లేవడం;
బుల్లెమ్మ చింతపిక్కలతో లెక్క,
ఒక పిక్క దాచేసి ఇరవై ఒకటి చేయించేది.
రోజుకి రెండు గుడ్లు. మునగాకు పప్పు.
చుట్టల కట్ట ఎక్కడ పెట్టిందో
ఇప్పటికీ చెప్పలేదు.

ఇరవై మూడో రోజు
పాత లస్కరు కొండలరావు దినానికి వెళ్లాను.
భోజనాలయ్యాక అందరూ వెలిగించారు.
నేనూ వెలిగించాను.
అబద్ధమెందుకు, ప్రాణం లేచొచ్చింది.

కెజియాతో చెప్పాను.
తిట్టలేదు.
పుస్తకంలో తారీఖు కొట్టేసి ఇంకో వారం కలిపింది.
ఆ కొట్టివేత గీత
చుట్ట నిప్పు కంటే ఎక్కువ కాలింది.

లాకు దగ్గర కొత్త లస్కరు కుర్రాడు
పళ్లచక్రాలకి గ్రీజు పూస్తున్నాడు.
నీళ్లే లేవు, ఎందుకు పూస్తావని
మా పిల్లలు అడిగేవారు చిన్నప్పుడు.
నీళ్లొచ్చాక పూసేదెవడు?
ఈ ముక్క మత్తు డాక్టరుతో చెప్దామనుకున్నాను.
ఆయనకి తీరికెక్కడ.

జూన్‌లో పైన తలుపులెత్తారు.
నీళ్లకంటే ముందు ఫోనులో కబురొచ్చింది.
గట్టెక్కి నించున్నాను.
నీటి తల మెల్లగా వచ్చింది,
నురగనీ ఎండాకుల్నీ నెట్టుకుంటూ,
ప్రతి నెర్రె దగ్గరా ఆగి లోపలికి తొంగిచూస్తూ.
కాలువ అడుగున దాని ముందు పిల్లల పరుగులు.
నేను గట్టు మీద దాని పక్కనే నడిచాను.
తూము దాటాం. రేవు దాటాం.
బట్టీ దగ్గర అలవాటుగా ఆగబోయి
ఆగలేదు.

వంతెన మీంచి ఎవరో
"వెంకటం, ఆయాసం లేదేంటి?" అన్నారు.
అప్పుడు చూసుకున్నాను.
జేబులో చుట్ట వెతుక్కున్నట్టు
దగ్గు కోసం వెతికాను.

ఇంటికొచ్చి పెట్టె తీశాను.
రెండు బంతులు పైకంటా లేచి నిలబడ్డాయి.
మూడోది వణికింది, అంతే.
"చాల్లే" అంది బుల్లెమ్మ.
చాప చుట్టింది. ఫ్లాస్కు కడిగింది.
పొలాలన్నిటికీ నీళ్లొచ్చిన రాత్రి,
నన్ను మాత్రం
పొద్దున ఆరింటికల్లా
గుక్కెడు నీళ్లు కూడా ముట్టకుండా రమ్మన్నారు.